పాంక్రియాస్ క్యాన్సర్: కాంబినేషన్ మందులు, తొలి పరీక్షలు
(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



సుబ్బారావుగారి పేరు మీద సభ పెడితే మనకో అలవాటుంది. 1895లో భీమవరంలో పుట్టడం, చదువుకు పడిన కష్టాలు, అమెరికా ప్రయాణం, హార్వర్డ్‌లో దక్కని గుర్తింపు, అన్నీ చెప్పుకుని, నోబెల్ రాలేదని నిట్టూర్చి ఇళ్ళకు వెళ్తాం. ఆ నిట్టూర్పులో న్యాయం లేదనను. కానీ ఇవాళ ఆ పని నేను చెయ్యదలచుకోలేదు. ఆయన బతుకు కంటే ఆయన పని గురించి మాట్లాడటమే ఆయనకు నచ్చి ఉండేదని నా అనుమానం. అందుకే పాంక్రియాస్ క్యాన్సర్‌ను, దానికి రెండు మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతిని, ఆ కలయికలను మొట్టమొదట మనుషుల మీద పరీక్షించిన తీరును ఎంచుకున్నాను.

దీనికీ సుబ్బారావుగారికీ సంబంధం ఏమిటంటారా? ఉంది. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలో ఫోలిక్ యాసిడ్ తయారైంది. దానికి విరోధులైన అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడే పుట్టాయి. బాస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్‌ను లుకేమియా పిల్లలకిచ్చి, 1948 జూన్‌లో ఫలితం అచ్చువేశాడు. పదహారు మంది పిల్లల్లో పదిమందికి జబ్బు వెనక్కి తగ్గింది. ఆ వ్యాసం శీర్షికలోనే ‘తాత్కాలికంగా’ అని ఉంది. అది నన్ను ఎప్పుడూ ఆకట్టుకునే సంగతి. అంతవరకు ఏ మందూ చెయ్యని పని చేసిన మందు గురించి రాస్తూ, ఇది నిలవదు అని తలకట్టులోనే ఒప్పుకోవడానికి నిజాయితీ కావాలి. ఆ వ్యాసం వచ్చిన రెండు నెలలకు, ఆగస్టులో, సుబ్బారావుగారు పోయారు.

తగ్గిన జబ్బు తిరగబెట్టింది. ఒక మందుకు లొంగని కణాలు మిగిలిపోతున్నాయి కాబట్టి, ఒకదానితో ఒకటి పోలిక లేకుండా పనిచేసే మందులను కలిపి కొట్టాలన్న ఆలోచన బలపడింది. టీబీలో అప్పటికే చూసిన విషయమే అది. 1960ల మొదట్లో ఫ్రై, ఫ్రైరైక్ అనే ఇద్దరు వైద్యులు మెథోట్రెక్సేట్‌తో సహా నాలుగు మందులు కలిపి పిల్లల లుకేమియాకు ఇచ్చారు. తర్వాత హాడ్జ్‌కిన్ జబ్బు కూడా నాలుగు మందుల దెబ్బకు లొంగింది. ఇక అదే మంత్రం అన్ని క్యాన్సర్లకూ పనికొస్తుందని ఒక తరం డాక్టర్లు నమ్మారు. ఆ నమ్మకం పాంక్రియాస్ దగ్గరకు వచ్చేసరికి బోల్తా పడింది.

ఈ గ్రంథి కడుపు వెనకాల, వెన్నెముకకు ఆనుకుని ఉంటుంది. బయటి నుంచి చేతికి దొరకదు. తలభాగంలో కణితి పెరిగితే పసరునాళం మూసుకుని కామెర్లు వస్తాయి. మన ఊళ్ళలో అప్పుడు ఆకుపసరు మందుకు వెళ్తారు, నెల పోతుంది. నడుమలోనో తోకలోనో పెరిగితే ఆ హెచ్చరిక కూడా ఉండదు. నడుంనొప్పి, అన్నం సయించకపోవడం, ఉన్నట్టుండి వచ్చిన షుగరు, ఇంతే. ఆపరేషన్‌కు వీలున్న దశలో దొరికేవాళ్ళు వందలో పదిహేను ఇరవై మంది. మిగతా అందరికీ మందులే దిక్కు. ఆ మందులకు అడ్డుగా కణితి చుట్టూ కొబ్బరికాయకు పీచులాగా గట్టి నారకణజాలం అల్లుకుని ఉంటుంది. కణితి బరువులో ఎక్కువ భాగం అదే. ఆ పీచు కథకు మళ్ళీ వస్తాను.

1957లో ఫ్లోరోయురాసిల్ వచ్చింది. మా వార్డుల్లో ఫైవ్-ఎఫ్‌యూ అంటాం. ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ జబ్బుకు అదే పెద్ద దిక్కు. 1970ల్లో దానికి మైటోమైసిన్, స్ట్రెప్టోజోటోసిన్, డాక్సోరూబిసిన్ లాంటివి జతచేసి చిన్న చిన్న పరీక్షలు మొదలుపెట్టారు. ఇరవై, ముప్ఫై మంది రోగులు ఉంటారు. పోల్చడానికి రెండో జట్టు ఉండదు. వందలో ముప్ఫై, నలభై మందికి కణితి సగానికి తగ్గిందని రాసేవారు. చదివిన డాక్టర్లు మర్నాటి నుంచే వాడేవారు.

ఇంతకీ కణితి సగానికి తగ్గిందని ఎలా తెలుసుకున్నారు? సీటీ స్కాన్ ఇంకా అందరికీ అందని రోజులవి. పొట్ట మీద చెయ్యి వేసి తడిమి, స్కేలో కాలిపరో పెట్టి కొలిచేవారు. మేయో క్లినిక్‌కు చెందిన చార్లెస్ మోర్టెల్ అనే వైద్యుడికి దీని మీద గురి కుదరలేదు. 1976లో ఆయన, జేమ్స్ హాన్లీ అనే గణాంక శాస్త్రజ్ఞుడితో కలిసి ఒక చిత్రమైన పరీక్ష పెట్టాడు. మెత్తటి పరుపు మీద పన్నెండు గట్టి గోళాలు పేర్చి, పైన ఫోమ్ రబ్బరు కప్పి, అనుభవజ్ఞులైన పదహారు మంది క్యాన్సర్ డాక్టర్లను పిలిచాడు. తడిమి కొలవమన్నాడు. ఆ గోళాల్లో కొన్ని జతలు ఒకే సైజువి. ఆ సంగతి కొలిచేవాళ్ళకు తెలియదు. ఒకే సైజు గోళాలను ఇద్దరు డాక్టర్లు కొలిస్తే, ఆ మాటకొస్తే ఒకే డాక్టరు రెండుసార్లు కొలిచినా, అంకెలు కలవలేదు. కొలతలో పావువంతు తగ్గితే చాలు మందు పనిచేసినట్టేనని లెక్కేస్తే, ఏ మందూ తగలని ఆ రబ్బరు కింది గోళాలు కూడా చాలాసార్లు తగ్గినట్టే లెక్కకొచ్చాయి. సగం తగ్గాలని నియమం పెట్టినా తప్పు పూర్తిగా పోలేదు, బాగా తగ్గింది.

ఈ పరీక్షకు రోగి అక్కర్లేదు, మందు అక్కర్లేదు, పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఒక పరుపు చాలు. నా దృష్టిలో ఈ రంగంలో జరిగిన తెలివైన పరీక్షల్లో ఇదొకటి. విద్యార్థులు దీన్ని చదవాలి.

ఇక 1980. బ్రిటన్‌లో మాలిన్సన్ బృందం ఒక కాంబినేషన్ పరీక్షించింది. మొదట ఫ్లోరోయురాసిల్, సైక్లోఫాస్ఫమైడ్, విన్‌క్రిస్టిన్, వాటితోపాటు మన సుబ్బారావుగారి మెథోట్రెక్సేట్. తర్వాత ఫ్లోరోయురాసిల్, మైటోమైసిన్. పైగా ఇది ఒంటి జట్టు పరీక్ష కాదు. నలభై మంది రోగులను చీటీ పద్ధతిలో రెండుగా విడదీసి, సగం మందికి మందులిచ్చారు, సగం మందికి ఇవ్వలేదు. మందులు తీసుకున్నవాళ్ళ మధ్యస్థ ఆయుష్షు 44 వారాలు, తీసుకోనివాళ్ళది 9 వారాలు. ఈ జబ్బులో అంత తేడా అంతకుముందు ఎవరూ చూసి ఉండరు.

పదేళ్ళు గడిచాయి. 1990లో మోర్టెల్ సహచరులు అదే కాంబినేషన్‌ను వందకు పైగా ఉన్న రోగుల పరీక్షలో, ఒంటరి ఫ్లోరోయురాసిల్ పక్కన పెట్టి చూశారు. మూడో జట్టుకు ఇంకో కాంబినేషన్ ఇచ్చారు. మూడు జట్లూ నాలుగు నెలల అటూ ఇటూనే. ఏ తేడా లేదు. కాంబినేషన్లు తీసుకున్నవాళ్ళకు వాంతులు, రక్తకణాలు పడిపోవడం మాత్రం అదనం.

మరి 44 వారాలు ఎక్కడికి పోయాయి? మాలిన్సన్ బృందం అబద్ధమాడిందని ఎవరూ అనలేదు, నేనూ అనను. నలభై మందిని రెండుగా పంచితే, ఆ పంపకంలో నెమ్మదిగా పెరిగే జబ్బులున్న నలుగురైదుగురు ఒక వైపుకు పడ్డారంటే చాలు. చీటీ వెయ్యడం పక్షపాతాన్ని పోగొడుతుంది, అదృష్టాన్ని పోగొట్టదు. మందు తీసుకోని జట్టు ఆయుష్షు 9 వారాలకే పరిమితం కావడం మీద అప్పుడే ఎవరైనా గట్టిగా ప్రశ్న వేసి ఉండాల్సింది.

జెమ్‌సైటబీన్ కథ దీనికి తలకిందులు. తొలి పరీక్షల్లో అది కణితిని పెద్దగా తగ్గించలేదు. వందలో పదిమందికి అటూ ఇటూ. ఆ అంకె చూసి పక్కన పడెయ్యవలసిన మందే. కానీ దగ్గరుండి చూసిన డాక్టర్లకు, నర్సులకు ఒకటి కనిపించింది. రోగులు నొప్పి మాత్రలు తక్కువ అడుగుతున్నారు. లేచి తిరుగుతున్నారు. స్కాన్‌లో మార్పు లేదు, మనిషిలో ఉంది. దాన్ని కొలవడానికి వాళ్ళో పద్ధతి తయారుచేశారు. నొప్పి ఎంత, నొప్పి మందు ఎంత, పనులు చేసుకునే శక్తి ఎంత, బరువు ఎంత, ఇవి కనీసం నాలుగు వారాలు నిలకడగా మెరుగుపడితేనే లాభం కింద లెక్క. 1997లో అచ్చయిన పరీక్షలో 126 మంది ఉన్నారు. జెమ్‌సైటబీన్ తీసుకున్నవాళ్ళలో 23.8 శాతానికి ఆ లాభం దక్కింది, ఫ్లోరోయురాసిల్ జట్టులో 4.8 శాతానికి. ఆయుష్షు 5.65 నెలలు, 4.41 నెలలు. చిన్న తేడాయే, కానీ ఏడాది దాటి బతికినవాళ్ళు ఒక వైపు 18 శాతం, రెండో వైపు 2 శాతం. అమెరికాలో 1996లోనే అనుమతి వచ్చింది.

ఆ తర్వాత పన్నెండు పదమూడేళ్ళు జరిగిందేమిటంటే, జెమ్‌సైటబీన్‌కు ఏదో ఒకటి కలపడం. ఫ్లోరోయురాసిల్ కలిపారు, సిస్‌ప్లాటిన్ కలిపారు, ఆక్సాలిప్లాటిన్, ఇరినోటెకాన్, పెమెట్రెక్సెడ్ కలిపారు. కొత్త తరం మందులు వచ్చాక వాటినీ కలిపారు. ప్రతిసారీ వరస ఒకటే. ముప్ఫై నుంచి యాభై మందితో తొలి పరీక్ష, ఉత్సాహం, ఆపైన వందలమందితో పెద్ద పరీక్ష, నిరాశ. ఆ కొత్త తరం మందుల్లో ఒకటైన బెవాసిజుమాబ్ కలిపిన తొలి పరీక్షలో 52 మంది రోగుల మధ్యస్థ ఆయుష్షు 8.8 నెలలు. 602 మందితో చేసిన పెద్ద పరీక్షలో కలిపినవాళ్ళు 5.8 నెలలు, కలపనివాళ్ళు 5.9. సెటుక్సిమాబ్‌దీ అదే దారి. ఎర్లోటినిబ్ ఒక్కటి గట్టెక్కింది. 569 మంది పరీక్షలో 6.24 నెలలు, 5.91 నెలలు. తేడా పది రోజులు. గణాంకాల ప్రకారం అది నిజమైన తేడాయే, అనుమతి కూడా వచ్చింది. ఆ పది రోజుల కోసం ఒంటినిండా దద్దురుతో ఎన్ని నెలలు గడపాలి, ఎంత డబ్బు కట్టాలి అన్న ప్రశ్నకు గణాంకం జవాబు చెప్పదు. నా జవాబు అడిగితే, వద్దనే చెబుతాను.

ఇప్పుడు పీచు కథ. మందు కణితిలోకి చొరబడకపోవడానికి ఆ నారకణజాలమే కారణమైతే, ముందు దాన్ని కరిగిద్దాం అని కొందరు ఆలోచించారు. 2009లో సైన్స్ పత్రికలో వచ్చిన ఎలుకల ప్రయోగం అందరినీ కదిలించింది. హెడ్జ్‌హాగ్ అనే సంకేత మార్గాన్ని అడ్డుకునే మందు ఇస్తే పీచు పలచబడింది, రక్తనాళాలు పెరిగాయి, జెమ్‌సైటబీన్ లోపలికి చేరింది, ఎలుకలు ఎక్కువ రోజులు బతికాయి. ఇంత అందమైన తర్కం వైద్యంలో అరుదు. వెంటనే మనుషుల మీద కాంబినేషన్ పరీక్ష మొదలైంది. 2012 జనవరిలో మధ్యలోనే ఆపేశారు. కొత్త మందు కలిపిన జట్టులో రోగులు త్వరగా చనిపోతున్నారు. రెండేళ్ళకు వేరే ఎలుకల ప్రయోగాల్లో తేలింది, ఆ పీచు మందును ఆపడమే కాదు, కణితిని కూడా కొంతవరకు కట్టడి చేస్తోందని. కంచె తీసేస్తే లోపలికి వెళ్ళే దారీ తెరుచుకుంటుంది, బయటికి వచ్చే దారీ తెరుచుకుంటుంది. అదే పీచులోని హయలురోనిక్ ఆమ్లాన్ని కరిగించే ఎంజైమును, ఇప్పుడే చెప్పబోయే ఫోల్ఫిరినాక్స్ అనే కాంబినేషన్‌కు కలిపిన ఇంకో పరీక్షలోనూ, కలిపినవాళ్ళు 7.7 నెలలు, కలపనివాళ్ళు 14.4 నెలలు బతికారు. మంచి జరగకపోవడం ఒకటి, చెడు జరగడం ఇంకొకటి. ఇక్కడ జరిగింది రెండోది. ఈ రెండు పరీక్షల్లోనూ చీటీ వేసి, పోల్చే జట్టును పక్కన పెట్టుకున్నారు కాబట్టే ఆ చెడు కంటపడింది. ఒంటి జట్టు పరీక్ష అయ్యుంటే 7.7 నెలలు చూసి ఫరవాలేదు అనుకునేవారేమో.

పనికొచ్చిన కాంబినేషన్ ఫ్రాన్స్‌లోని నాన్సీ నుంచి, థియరీ కాన్రాయ్ బృందం నుంచి వచ్చింది. ఫోల్ఫిరినాక్స్‌లో కొత్త మందు ఒక్కటీ లేదు. ఫ్లోరోయురాసిల్, దాని పదును పెంచే ల్యూకోవోరిన్, ఇరినోటెకాన్, ఆక్సాలిప్లాటిన్. అన్నీ పెద్దపేగు క్యాన్సర్‌లో వాడుతున్నవే. ఆ ల్యూకోవోరిన్ ఫోలిక్ యాసిడ్‌కు దగ్గరి చుట్టం. సుబ్బారావుగారి పని ఈనాటికీ మా డే కేర్‌లో సెలైన్ స్టాండుకు వేలాడుతోందని నేను అనేది అందుకే.

దీన్ని ఎక్కించడం ఎలా ఉంటుందో కాస్త చెబుతాను, ఎందుకంటే తొలి పరీక్ష అసలు ప్రశ్న అక్కడే ఉంది. పొద్దున్నే రక్తపరీక్ష. కణాలు సరిపడా ఉంటే ఛాతీ మీద చర్మం కింద అమర్చిన పోర్టులోకి సూది. మొదట రెండు గంటలు ఆక్సాలిప్లాటిన్, డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి, ఉప్పు సెలైన్‌లో కలిపితే చెడిపోతుంది. తర్వాత ల్యూకోవోరిన్ రెండు గంటలు, దానితోపాటే ఇరినోటెకాన్ గంటన్నర. అది ఎక్కుతుండగానే కొందరికి చెమటలు పట్టి కడుపు మెలిపెడుతుంది. అట్రోపిన్ ఇంజెక్షన్ సిద్ధంగా ఉండాలి. ఆపైన ఫ్లోరోయురాసిల్ ఒక్క దఫా ఇచ్చి, మిగతాది 46 గంటలు ఎక్కేలా చిన్న పంపు తగిలించి ఇంటికి పంపుతాం. పంపును సంచిలో వేసి మెడకు తగిలించుకుంటారు. ఫ్రిజ్ తలుపు పట్టుకున్నా వేళ్ళు జివ్వుమంటాయి. చల్లటి మజ్జిగ తాగితే గొంతు పట్టేస్తుంది. మూడో రోజు పంపు తీయించుకోవాలి. ఇలా రెండు వారాలకోసారి, ఆరు నెలలు.

ఆక్సాలిప్లాటిన్ నరాల మీద, ఇరినోటెకాన్ పేగుల మీద, ఫ్లోరోయురాసిల్ నోటి మీద దెబ్బ కొడతాయి. దెబ్బలు వేర్వేరు చోట్ల పడతాయి కాబట్టి కలపవచ్చు, అది కాంబినేషన్ తర్కం. కానీ తెల్లరక్తకణాల దగ్గర మూడూ కలిసే కొడతాయి. ఆ మూడింటినీ ఎంత మోతాదులో కలిపితే మనిషి తట్టుకుంటాడన్నది తొలి దశ పరీక్ష తేల్చవలసిన విషయం. ఆ దశలో వేర్వేరు క్యాన్సర్లున్న రోగులను చేర్చుకున్నారు, వాళ్ళలో పాంక్రియాస్ రోగులు కొందరే. తర్వాత రెండో దశలో పాంక్రియాస్ రోగులు నలభై పైచిలుకు మంది, మధ్యస్థ ఆయుష్షు 10.2 నెలలు. ఇక్కడ వాళ్ళు చేసిన మంచి పని ఒకటుంది. ఆ అంకెను పట్టుకుని ఊరేగలేదు. జెమ్‌సైటబీన్‌కు ఎదురుగా చీటీ వేసి పరీక్ష పెట్టారు. మొదటి 88 మందిని చూసి, ఆశించిన ఫలితం ఉంటేనే 342 మంది వరకు కొనసాగేలా ముందే రాసుకున్నారు. 2011లో ఫలితం వచ్చింది. 11.1 నెలలు, 6.8 నెలలు. విషప్రభావాలు ఎక్కువైనా, ఆరు నెలలనాటికి జీవన నాణ్యత బాగా పడిపోయినవాళ్ళు ఫోల్ఫిరినాక్స్ జట్టులో 31 శాతం, జెమ్‌సైటబీన్ జట్టులో 66 శాతం. మందు బాధకన్నా జబ్బు బాధ పెద్దదని ఆ అంకె చెబుతోంది.

అయినా చదవాల్సిన చిన్న అక్షరాలు ఉన్నాయి. వయసు 75కు మించకూడదు. లేచి తిరిగే శక్తి బాగా ఉండాలి. బిలిరుబిన్ దాదాపు మామూలుగా ఉండాలి. ఈ చివరి నియమం వల్ల కామెర్ల రోగులు చాలామంది తప్పుకున్నారు. మామూలుగా ఈ కణితులు ఎక్కువగా తలభాగంలోనే వస్తాయి, ఈ పరీక్షలో మాత్రం తలభాగం కణితులు వందలో నలభైకి లోపే. మన ఆసుపత్రికి కామెర్లతో, నలభై కిలోల బరువుతో, కొడుకు భుజం పట్టుకుని వచ్చే పెద్దాయన ఆ 11.1లో లేడు.

రెండో విజయం నాబ్-పాక్లిటాక్సెల్, జెమ్‌సైటబీన్ కలయిక. డేనియల్ వాన్ హాఫ్ బృందం 67 మందితో తొలి పరీక్ష చేసింది. చదరపు మీటరుకు 100, 125, 150 మిల్లీగ్రాములు, మూడు మెట్లు. కొద్దిమందికి ఒక మెట్టు మోతాదు ఇస్తారు, తట్టుకుంటే పై మెట్టు. 150 దగ్గర ముగ్గురితోనే ఆగిపోయారు. తెల్లకణాలు పడిపోవడం, రక్తంలో ఇన్ఫెక్షన్ ఈ కాంబినేషన్ హద్దును తేల్చాయి. 125 దగ్గర 44 మందికి ఇచ్చారు. వాళ్ళ మధ్యస్థ ఆయుష్షు 12.2 నెలలు. కణితిలోని స్పార్క్ అనే ప్రోటీన్ ఈ మందును పట్టుకుని లోపలికి లాగుతుందని ఒక సిద్ధాంతం కూడా తోడైంది. 861 మందితో జరిగిన పెద్ద పరీక్షలో, 2013లో, ఆ 12.2 కాస్తా 8.5 అయింది. జెమ్‌సైటబీన్ ఒక్కటే తీసుకున్నవాళ్ళకు 6.7. స్పార్క్ సిద్ధాంతం నిలబడలేదు. మందు నిలబడింది. తర్కం అందంగా ఉన్న హెడ్జ్‌హాగ్ పడిపోయి, తర్కం తప్పయిన ఇది బతికింది. చీటీ వేసి చేసే పరీక్ష ఎవరి సిద్ధాంతాన్నీ గౌరవించదు.

కొత్తవాటి గురించి ఎక్కువ చెప్పను. 2023లో న్యూయార్క్ నుంచి వినోద్ బాలచంద్రన్ బృందం, ఆపరేషన్ అయిన 16 మందికి ఎవరి కణితికి తగ్గట్టు వారికి తయారుచేసిన ఎంఆర్‌ఎన్‌ఏ టీకాను, ఒక ఇమ్యూనోథెరపీ మందుతో, ఫోల్ఫిరినాక్స్‌తో కలిపి ఇచ్చింది. ఎనిమిది మందిలో రోగనిరోధక కణాలు స్పందించాయి, వాళ్ళకు జబ్బు తిరగబెట్టడం ఆలస్యమైంది. ఈ జబ్బులో వందకు తొంభై మందికి పైగా కనిపించే కేరాస్ జన్యుమార్పును నేరుగా అడ్డుకునే మందులూ వస్తున్నాయి. ఉత్సాహం కలిగించే పని. నాకూ ఉత్సాహంగానే ఉంది. పదహారు మంది అన్న అంకె మాత్రం మరిచిపోను. స్పందించినవాళ్ళు సహజంగానే గట్టివాళ్ళా, టీకా వల్ల గట్టిపడ్డారా అన్నది పోల్చే జట్టు ఉంటేనే తేలుతుంది.

ఇదంతా మనకెందుకు అని అడగవచ్చు. వారంవారం ఓపీలో నేను వినే మాట ఇది: ‘డాక్టరుగారూ, మా బావమరిది డల్లాస్‌లో ఉంటాడు, కొత్త కాంబినేషన్ వచ్చిందట, సగం మందికి తగ్గిందట, వాట్సాప్‌లో పంపాడు. ఎంతైనా ఫరవాలేదు, పొలం అమ్మేస్తాం.’ ఆ సగం మంది నలుగురిలో ఇద్దరా, నాలుగొందల్లో రెండొందలా అన్నది ఆ సందేశంలో ఉండదు. పొలం మాత్రం నిజమైనది. ఆ సమయంలో కుటుంబానికి డాక్టరు చెప్పవలసింది రెండు వాక్యాలు. ఎంతమందిలో చూశారు, దేనితో పోల్చి చూశారు. అవి చెప్పాక కూడా వాళ్ళు కావాలంటే అది వాళ్ళ నిర్ణయం.

మన దగ్గర ఇంకో చిక్కుంది. జెమ్‌సైటబీన్, ఆక్సాలిప్లాటిన్, ఇరినోటెకాన్ మన హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనే తయారై దేశదేశాలకు వెళ్తున్నాయి. మోతాదు మాత్రం నాన్సీ నుంచి దిగుమతి చేసుకున్నాం. ఇరినోటెకాన్‌ను శరీరం వదిలించుకునే ఎంజైము కొందరిలో పుట్టుకతోనే మందకొడిగా ఉంటుంది. అలాంటి జన్యురకం మనవాళ్ళలో అరుదు కాదు. ఆ పైన తిండి తగ్గి చిక్కిపోయిన శరీరాలు. అందుకే దాదాపు ప్రతి డాక్టరూ ఫోల్ఫిరినాక్స్ మోతాదు తన అనుభవం కొద్దీ తగ్గించి ఇస్తున్నాడు. ఒకరు ఐదోవంతు తగ్గిస్తారు, ఒకరు మొదటి దఫా ఫ్లోరోయురాసిల్ మానేస్తారు. అది తెలివైన పనే. కానీ ఎవరు ఎంత తగ్గిస్తే ఏమైందో లెక్క ఎక్కడా జమకావడం లేదు. ప్రతి ఆసుపత్రిలోనూ రోజూ తొలి దశ పరీక్షే జరుగుతోంది, రాసుకునేవాడు లేకుండా.

పద్ధతిగా చెయ్యడానికి కావలసిన చట్రం ఉంది. 2009 జూన్ నుంచి క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు తప్పనిసరి. 2019 నియమాల ప్రకారం కొత్త మందుల పరీక్షలో నిస్సహాయ స్థితిలో ఉన్నవాళ్ళను చేర్చుకుంటే సమ్మతిని వీడియో తీయాలి. కాగితాల బెడద ఎక్కువని మనం సణుగుతాం, నేనూ సణిగాను. ఒకప్పుడు మన దేశంలో పేదవాళ్ళకు తెలియకుండా వాళ్ళ మీద పరీక్షలు జరిగాయన్న ఆరోపణలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన తర్వాతే ఈ నియమాలు బిగిశాయని గుర్తుంచుకుంటే సణుగుడు తగ్గుతుంది.

ఈ హాల్లో ఉన్న యువ ఆంకాలజిస్టులకు నా విన్నపం ఇదీ. రెండు తెలుగు రాష్ట్రాల్లోని ప్రభుత్వ, ప్రైవేటు క్యాన్సర్ ఆసుపత్రులు నాలుగైదు కలిసి, మనవాళ్ళకు ఫోల్ఫిరినాక్స్ ఏ మోతాదులో సరిపోతుందో చీటీ వేసి తేల్చండి. దానికి కొత్త మందు అక్కర్లేదు, విదేశీ కంపెనీ అక్కర్లేదు, మందులన్నీ పేటెంటు దాటినవే. కామెర్లు తగ్గించుకుని వచ్చిన రోగులను, 75 దాటినవాళ్ళను కూడా చేర్చుకోండి. ఫలితం బాగుంటే అచ్చువెయ్యండి. బాగాలేకపోయినా, మధ్యలో ఆపేసినా, అచ్చువెయ్యండి. శీర్షికలో ఎంతమంది రోగులో రాయండి.